ఒడిబియ్యం బంతిలో పొగచేప

మా చెల్లె కాలి చిటికెన వేలు తీసేశాక డాక్టరు నన్నే లోపలికి పిలిచాడు. ఆమె కొడుకు ఉన్నాడు, కోడలు ఉంది, అయినా నన్నే పిలిచాడు. చెబితే వినేది ఎవరో మొహం చూస్తే తెలుస్తుంది కాబోలు.

"షుగర్ ఇట్లనే ఉంటే ఈసారి వేలు కాదమ్మా, పాదం తీయాల్సొస్తది. ముందు అన్నం బంద్ చేయించుండ్రి" అన్నాడు.

చెల్లె కాపురమంతా మిర్యాలగూడలో. ఆ ఊళ్లో ఏ వీధిలో నిలబడ్డా రైసు మిల్లు పొగగొట్టం కనిపిస్తుంది, ఉడికిన వడ్ల వాసన వస్తుంది. అక్కడ బతికిన మనిషికి అన్నం మానమని చెప్పడమంటే గాలి మానమన్నట్టే. పొద్దున సద్దన్నం, పగలు అన్నం, రాత్రి అన్నం. కొడుకు మెత్తనివాడు. తల్లి కళ్లలో నీళ్లు పెట్టుకుంటే "ఒక్క ముద్ద పెట్టవే" అని పెళ్లాన్ని బతిమాలేవాడు. కోడలు పెట్టేది. అలా ఒక్కో ముద్దా కలిసి ఒక వేలు తిన్నాయి.

నేను దవాఖాన నుంచే దాన్ని ఆటో ఎక్కించి, బస్సు ఎక్కించి, సూర్యాపేట తెచ్చేశాను. కొడుకు వద్దనలేదు. వద్దనకపోవడమే కొంచెం తొందరగా జరిగింది.

సూర్యాపేటలో నేనూ, డిగ్రీ చదివే నా మనవరాలూ రెండు గదుల పోర్షన్లో కిరాయికి ఉంటాం. ఇంటివాళ్లు నీసు ముట్టరు. చేరేరోజే ఇంటామె గుమ్మంలో నిలబడి చెప్పింది: "ఏమైనా తినుండ్రి పెద్దమ్మా, మా ఇంట్ల నీసు మాత్రం వండొద్దు. గుడ్డు గూడ వద్దు." నేను సరే అన్నాను. నేను ఎట్లాగూ మాంసం కూరకి పెద్దగా ఖర్చు చేసేదాన్ని కాను. అప్పుడు నాకేం తెలుసు, అన్నం తినకూడని మనిషిని తెచ్చి అదే ఇంట్లో పెట్టుకుంటానని.

మొదటి నాలుగు రోజులు పెసర్లూ, తోటకూరా, మజ్జిగా పెట్టాను. చెల్లె గోడకి తిరిగి పడుకుంది. "నాకు గడ్డి పెడ్తున్నవ్" అంది. మనవరాలు ఫోన్లో ఏదో వెతికి నా ముందు పెట్టింది. తెల్లవాళ్లు కీరా ముక్కలు గుండ్రంగా కోసి, మీద తెల్లటిదేదో రాసి, దాని మీద పొగపెట్టిన చేప తునక పెట్టి, ఆకు గుచ్చి పళ్లెంలో వరసగా పేరుస్తున్నారు. పొయ్యి మాటే లేదు.

"ఇవి స్టార్టర్లు నాయనమ్మా. అన్నానికి ముందు తింటరు."

"ముందు కాదు, బదులు తింటది" అన్నాను.

పొగపెట్టిన చేప మనకి కొత్తేం కాదు. మఠంపల్లి దిక్కు నుంచి ఒకామె వారానికోసారి అంగడి రోజున సూర్యాపేట వస్తుంది. వాళ్లు కృష్ణలో పట్టిన చేపని నడుమకి చీల్చి, ఉప్పు పట్టించి, పుల్లలకి గుచ్చి తుమ్మ నిప్పుల మీద వేలాడదీసి, పైన రేకు కప్పుతారు. పూటంతా పొగలో ఉడికి ఎర్రగా, గట్టిగా అవుతుంది. అలాగే తినొచ్చు. మా చిన్నప్పుడు నాగార్జున సాగర్ పనులకి పోయినవాళ్లు తెచ్చుకుని జొన్నరొట్టెలో నంజుకునేవాళ్లు. నేను అడిగితే ఆమె పాత పేపరులో చుట్టి ఇస్తూ ఒకటే చెప్పింది: "నీళ్లు తగలనియ్యకు. తడిస్తే తెల్లారేసరికి ఖతం."

ఆ రోజు నుంచి నా పని అదే. రాత్రి పెరుగుని పలచటి గుడ్డలో కట్టి కుళాయికి వేలాడదీసేదాన్ని. కింద గిన్నెలో దిగిన నీళ్లు పారబోయకుండా మనవరాలికి మజ్జిగలో కలిపేదాన్ని. పొద్దుటికి పెరుగు వెన్నలా గట్టిపడేది. అందులో పచ్చిమిర్చి, కొత్తిమీర కాడలు, జీలకర్ర నలిపి వేసేదాన్ని. కాడలే, ఆకు కాదు. ఆకు పైన పెట్టడానికి. కీరా చెక్కు తీయకుండా కోసేదాన్ని. ఉల్లిగడ్డ పొరలు గిన్నెల్లా విడదీసి వాటిలోనూ పెట్టేదాన్ని. టమాట సగానికి కోసి గింజ తీసి చేప కూరేదాన్ని. తీసిన గింజ మనవరాలి చారులోకి. క్యాబేజీ ఆకు లోపలిది మెత్తగా ఉంటుంది, దాన్ని తమలపాకులా చుట్టి పెట్టేదాన్ని. పైన నిమ్మకాయ. చేప ముల్లు ఒక్కటి లేకుండా వేళ్లతో తడిమి తీసేదాన్ని. షుగరుకి కళ్లు కూడా మందగించిన మనిషి, ముల్లు గుచ్చుకుంటే నా ప్రాణమే తీస్తుంది.

రెండోరోజే ఇంటామె ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది.

"పెద్దమ్మా, ఏదో వాసనొస్తుంది."

"పొయ్యి ముట్టుకొని సూడు బిడ్డా. సల్లగుంది."

"నీసు వద్దన్న గద."

"వండొద్దన్నవ్. వండుతలేను."

ఆమె పొయ్యి ముట్టుకుంది కూడా. తర్వాత చెల్లె కాలి కట్టు వైపు చూసింది. మా వైపున్న తన కిటికీ మూసుకుని పోయింది. ఆ కిటికీ చెల్లె ఉన్నన్ని రోజులూ మళ్లీ తెరుచుకోలేదు.

చెల్లె మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. "సచ్చినోళ్లకు పెట్టే పిండం గిట్లనే ఉంటది. సల్లగ, ఉప్పుగ" అంది.

"సచ్చినోళ్లకు అన్నమే పెడ్తరు. అది గావాల్నా నీకు" అన్నాను.

తింది. ఆకలి ఎవరినైనా తినిపిస్తుంది.

నేను మనవరాలికి అన్నం వండడం మానలేదు. చదువుకునే పిల్లని ఎందుకు మాడ్చాలి. చెల్లె ఎదురుగానే వడ్డించేదాన్ని. పక్క గదిలో దాచుకుని తినడం నాకు చేతకాదు. దాచిన కొద్దీ చెల్లె ధ్యాస అన్నం మీదే ఉంటుంది. చెల్లె ఆ పిల్ల కంచం వైపు చూస్తూ చేప ముక్క నమిలేది. పిల్లకి ముద్ద దిగేది కాదు. "నాయనమ్మా, నేను కాలేజీల తింట" అంది. నేను ఒప్పుకోలేదు.

ఒకరోజు స్నానం చేసి వచ్చేసరికి చెల్లె వంటింట్లో నేలమీద కూర్చుని గిన్నె అడుగు మాడు గోకుతోంది. గంటెతో కాదు, గోళ్లతో. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకుంది, చిన్నపిల్లలా. నేను గిన్నె లాక్కుని, సబ్బు నీళ్లు పోసి, అక్కడే దాని ముందు పెట్టాను. ఆ రోజు నుంచి బియ్యం డబ్బాకి తాళం వేశాను. తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

"నీ మొగుడు గూడ నీ చేతి ముద్దలు లెక్కబెట్టుకుంటనే సచ్చిండు" అంది చెల్లె.

నేను కట్టు మార్చే దూది చేతిలో పట్టుకుని ఉన్నాను. కాలు ఒళ్లోకి తీసుకుని పాత కట్టు కొంచెం గట్టిగానే లాగాను. అరిచింది. పుండు అంచు ఎర్రగా ఉంది, మునుపటి బూడిదరంగు పోయింది. అంటే రక్తం ఆడుతోంది, మానుతోంది. ఆ మాట దానికి చెప్పలేదు. చెబితే రేపే బియ్యం అడుగుతుంది.

ఇంకోరోజు నేను పెరుగుకని బయటికి పోయి వచ్చేసరికి, పేపరులో ఉన్న చేపంతా విప్పి, బేసిన్లో ఉప్పూ పసుపూ వేసి, రుద్ది రుద్ది రెండు మూడు నీళ్లతో కడిగి పెట్టింది. మనిళ్లల్లో చేప చేతికి రాగానే చేసే పని. కడగని చేప తినడం దానికి లోపల ఎక్కడో మింగుడుపడలేదు. పొగ అంతా నీళ్లలోకి దిగి, బేసిన్ టీ నీళ్లలా అయింది.

"నీసు పోవాలె గద అక్కా" అంది. కావాలని చేసిందో, చెయ్యి దానంతట అదే చేసిందో నేను తేల్చుకోలేదు. తెల్లారేసరికి చేప జిగురు పట్టింది. ఆ కాలుతోనే చెల్లెని పెరట్లోకి నడిపించి, కరివేపాకు చెట్టు మొదట్లో దాని చేతే గుంట తీయించి పూడ్పించాను. మళ్లీ అంగడి వచ్చేదాకా వట్టి కీరా, పెరుగు, నానబెట్టిన పల్లీలు పెట్టాను. అడగలేదు. నేనూ బుజ్జగించలేదు.

అప్పుడే కోదాడ నుంచి చెల్లె కూతురు ఫోను చేసింది. కిందటి నెల ఆమె అన్నా వదినా మిర్యాలగూడకి పిలిచి ఒడిబియ్యం పోశారు. ఆడబిడ్డ ఒళ్లో పోసిన ఆ బియ్యాన్ని అత్తింట్లో వండి, అందరినీ పిలిచి పెట్టాలి. పుట్టింటివాళ్లు బంతిలో కూర్చుని తినాలి. తల్లి లేకుండా ఎట్లా.

"పెద్దమ్మా, అమ్మను తోల్కరావాలె" అంది.

"వస్తది. అన్నం తినది" అన్నాను.

"గదేంది పెద్దమ్మా. నా ఒడిబియ్యం."

ఒక్క ముద్దకి పాదం పోదని నాకు తెలుసు. కాని నేను దాన్ని ఒక్క ముద్దతో ఆగే మనిషిగా ఎప్పుడూ చూడలేదు. ఇక్కడ తింటే ఇంటికి పోయి తింటుంది, ఇంట్లో తింటే మూడు పూటలా తింటుంది. అందుకే ముందురోజే అంగడామె దగ్గర మంచి చేప తెచ్చి, ముళ్లు తీసి, ఒక స్టీలు డబ్బాలో పేపరు పరిచి పెట్టాను. ఇంకో డబ్బాలో కీరా, ఉల్లి. మూడో దాంట్లో పెరుగు. ముందే కలిపితే కీరా నీళ్లు వదిలి చప్పబడుతుంది. బంతి వేళకి పేర్చి, అందరితో పాటు దాని విస్తరిలోనూ రంగురంగుగా ఏదో ఒకటి ఉండాలని నా ఆలోచన.

కోదాడ ఇంట్లో షామియానా వేసి, చాపలు పరిచి, విస్తళ్లు వేశారు. నేను డబ్బాలు వంటవాళ్ల దగ్గర పెట్టి, చెల్లె కాలికి కట్టు సరిచేయడానికి లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి వంటింట్లోంచి వేపుడు వాసన. చెల్లె వియ్యపురాలు చెయ్యి తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చింది.

"ఏంటి వదినా, పచ్చి చేప డబ్బాలో పెట్టుకొచ్చేశారు. మా పిల్ల శుభ్రంగా కడిగి, శనగపిండీ బియ్యప్పిండీ పట్టించి వేయించింది లెండి. అందరికీ తలా ఒకటి వస్తాయి."

కీరా సాంబారు పక్కన ముక్కలుగా పెట్టేశారు. పెరుగు పెరుగన్నంలో కలిపేశారు. ఆమె మంచికే చేసింది. 

చెల్లెకి బంతిలో కాలు మడిచి కూర్చోవడం కష్టం కాబట్టి బంతి చివర కుర్చీ వేసి, ముందర స్టూలు మీద విస్తరి పెట్టారు. కూతురే అన్నం గంప పట్టుకుని వచ్చింది. పసుపు రాసుకున్న కాళ్లు, కొత్త చీర, మొహం వెలిగిపోతోంది.

"ఒక్క ముద్ద అమ్మా. నువ్వు తినకుంటే నాకు మంచిదేనా."

"తల్లి నోట్లో పడందే మిగతావాళ్లు ఎలా ముట్టుకుంటారు" అంది వియ్యపురాలు.

బంతి అంతా చేతులు ఆపి చూస్తోంది. చెల్లె నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. అది నన్ను చూస్తూనే ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తర్వాత విస్తరి ముందుకి జరిపి, "ఇంకింత పెట్టు బిడ్డా" అంది. పెట్టింది. "ఇంకింత" అంది.

"సాలు" అన్నాను నేను, వెనక నుంచి.

అప్పుడు అది బంతి వైపు తిరిగి గట్టిగా చెప్పింది. "సూడుండ్రి. మా అక్క బియ్యం డబ్బకు తాళమేసి, తాళంచెవి బొడ్లె దోపుకుంటది. నేను మాడు గోక్కుంటే సబ్బు నీళ్లు పోసింది. ఎందుకంటరు. బియ్యం మిగులుతయని."

అందరూ నవ్వారు. నా పొదుపు మీద ప్రతివాళ్ల దగ్గరా ఒక కథ ఉంది. "వదిన సంగతి మాకు తెలియందా, నిమ్మచెక్క పిండింది మళ్లీ పిండుతుంది" అంది వియ్యపురాలు. తాళం నిజం, సబ్బు నీళ్లు నిజం, నిమ్మచెక్క కూడా నిజమే. అందుకే అంత బాగా నవ్వగలిగారు. నవ్వుతూ ఇంకొకామె చెల్లె విస్తరిలో ఇంకో గంటె వేసింది. చెల్లె తింటోంది. నవ్వులో నవ్వు కలిపి తింటోంది.

నేను పోయి దాని కుర్చీ ముందు నేలమీద కూర్చున్నాను. దాని కాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కట్టు ముడి విప్పాను. అది వెనక్కి లాక్కోబోయింది. మడమ గట్టిగా పట్టుకున్నాను. గుడ్డ చుట్లు చుట్లుగా ఊడింది. చివరి దూది అంటుకుని ఉంటే అదీ లాగాను. వేలు ఉండాల్సిన చోటు, దాని పక్కన పుండు, మందు వాసన, దాని కింద ఇంకో వాసన. నాకు అలవాటే. ఆ బంతిలో ఎవరూ ఎన్నడూ చూసింది కాదు. వాళ్లంతా దాన్ని చీర కుచ్చిళ్ల కింద తెల్లటి కట్టుగానే చూశారు.

ఎదురు చాప మీది మనిషి ముద్ద విస్తరిలో వదిలేసి లేచాడు. పక్కనామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. వరసగా లేచారు.

"ఎందుకు లేస్తున్నరు. కూసోండ్రి" అన్నాను. "ఈ కాలు సూసుకుంట తినుండ్రి. పెట్టుండ్రి దానికి, ఇంకో గంటె పెట్టుండ్రి."

ఒడిబియ్యం బంతి సగంలో లేవకూడదు. అన్నం వదలకూడదు. అది అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు. చెల్లె కూతురు గంప కింద పెట్టి అలాగే నిలబడిపోయింది. దాని మొహంలో వెలుగు పోవడం నేను చూశాను.

"నా బంతి చెడగొట్టినవ్ పెద్దమ్మా" అంది.

"శుభమా అని అన్నం పెడితే, ఇదేం మనిషమ్మా" అంది వియ్యపురాలు.

చెల్లె నమలడం ఆపింది. నోట్లో ఉన్నది మింగలేదు, ఉమ్మలేదు. కాసేపటికి విస్తరి అంచున తీసి పెట్టింది. విస్తరి మడిచింది. కొంగుతో కాలు కప్పుకుంది. నేను కొత్త కట్టు కట్టబోతే కాలు పక్కకి తీసుకుంది.

"ఇగ నిన్ను అక్క అనను" అంది, మెల్లగా, నాకొక్కదానికే వినబడేట్టు.

"అనకు. కాలు సూసుకో."

అది కొడుకుతో మిర్యాలగూడ బస్సెక్కింది. నేను ఖాళీ డబ్బాలు మూడూ కడిగి సంచిలో వేసుకుని సూర్యాపేట బస్సెక్కాను. ఆకలేసింది. కోదాడలో నేనూ తినలేదు.

ఆ తర్వాత చెల్లె అన్నం ముట్టలేదట. కొడుకు ఫోన్లో చెప్పాడు. పెట్టబోతే కంచం తోసేస్తుందట; నలుగురిలో కూర్చుని తినడమూ మానేసిందట. గదిలో తలుపు వేసుకుని తింటుంది. కీరా కోయించుకుంటుంది, పెరుగు గుడ్డలో కట్టించుకుంటుంది, కాని చేప మిర్యాలగూడలో దొరకదు. "పెద్దమ్మా, అమ్మ నీ పేరెత్తొద్దంటది. చేప దొరుకుతదా అని మాత్రం అడుగుతది" అన్నాడు.

అంగడి రోజున చేప తెచ్చి, ముళ్లు తీసి, డబ్బాలో పేపరు పరిచి, ఆ దిక్కు పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపుతున్నాను. పుండు పూర్తిగా మూసుకుందని, ఇక కట్టు అక్కర్లేదని డాక్టరు చెప్పాడట. పాదం ఉంది. కోదాడ పిల్ల వాళ్ల చిన్నదానికి చెవులు కుట్టించి భోజనాలు పెట్టింది, నన్ను పిలవలేదు. మనవరాలిని పిలిచింది. పొమ్మన్నాను.

మా చెల్లె ఎవరి గిన్నెనీ ఉత్తగా తిప్పి పంపదు, మా అమ్మ నేర్పిన పద్ధతి. అయినా నేను పంపిన డబ్బాలు ఉత్తగానే వచ్చేవి, అడుగున ఆరని నీటి చుక్కలతో. పోయిన అంగడికి ముందు వచ్చిన డబ్బా బరువుగా ఉంది. మూత తీశాను. గుప్పెడు బియ్యం. మిల్లు బియ్యం, సన్నవి, తెల్లగా, రాయి లేకుండా ఏరినవి.

తిట్టి పంపిందో, పెట్టి పంపిందో ఎవరినీ అడగలేదు. చాటలో పోసి నేనూ ఒకసారి ఏరాను. తాళం తీసి డబ్బాలో కలిపాను. మళ్లీ తాళం వేశాను.